నీళ్లు మార్చిన రాత్రి

సీబ్ దాటినంక, ఎయిర్‌పోర్టు లైట్లు ఎనకకు పోయినంక
ఇరవై రెండు విల్లాల కాంపౌండు.
నడుమ ఒక స్విమ్మింగ్ పూలు.
దాని పాచి, దాని ఆకులు, దాంట్ల చచ్చిన మిడతలు
ఆరేండ్ల సంది నావే.

మార్చిల పద్నాలుగో విల్లాకు కొత్తోళ్లు దిగిండ్రు.
ఒబియోరా, నైజీరియాయన,
విమానం ఇంజన్లు ఇప్పి బిగిచ్చేటోడు.
ఆమె పేరు న్కీరు.
పొల్లు అచ్చరంతోని మొదలయ్యే పేరు నా నోట్లె ఇరుక్కుంటే
నవ్వి, మళ్ల చెప్పింది. ఇంకోసారి చెప్పింది.
నాకు వచ్చేదాంక సామాన్ల ట్రక్కు పక్కన ఎండల నిలవడ్డది.
ఇద్దరు పిల్లలు. సోంటో, దాని తమ్ముడు.

ముందుగాల నా సంగతి చెప్పాలె.
ఆ రాత్రి క్యాంపుల అన్నం తినుకుంట
"కరెంటు పోతె వాళ్లను దేవులాడుకోవాలె" అన్న.
పదకొండు మంది నవ్విండ్రు.
అందరికన్న నేనే ఎక్కువ నవ్విన.
బిడ్డకు తెల్లవడే క్రీము పంపిన చెయ్యి ఇది,
కోరుట్లకు పార్శిలు, మూడు డబ్బలు.

కాంపౌండు వాళ్లను ఏం అనలేదు.
అనకపోవుడే ఉండె.
పన్నెండో విల్లా గేటుకు కొత్త తాళం పడ్డది.
పుట్టినరోజు కార్డులు ఇల్లిల్లు తిరిగి
పద్నాలుగు కాడ వంకర తిరిగిపోయినయి.
గేటుకాడి గార్డు, వాడు మా దిక్కోడే,
ఒబియోరా కారును రోజూ ఆపి కార్డు అడుగుతడు.
నాలుగు నెలలు. అదే కార్డు, అదే మొఖం.
ఆయన అద్దం దించి "గుడ్ ఈవినింగ్" అంటడు.
ఆ గుడ్ ఈవినింగ్ రాను రాను చిన్నగైంది.

జులైల ఒక శుక్రారం పిల్లలు నీళ్లల దుంకిండ్రు.
సోంటో చేపపిల్ల,
ఈ కొసకు మునిగి ఆ కొసకు తేలింది.
తేలేసరికి
తతిమ్మ పోరగాండ్లను తల్లులు పిలుస్తున్నరు,
హోంవర్కని, జలుబని, నాయినమ్మ ఫోనని.
తువ్వాలలు లేచి పోయినయి.
సోంటో చుట్టూ చూసి
"అంకుల్, టైమ్ అయిపోయిందా?" అని నన్నడిగింది.
చెయ్యి దిక్కు చూసుకున్న.
చేతికి గడియారం లేదు.

పొద్దుగూకినంక తొమ్మిదో విల్లా నీరజ మేడం వచ్చింది.
ఎన్నడూ నాతోని హిందీలనే మాట్లాడేటామె
ఆ రోజు తెలుగుల, మెల్లగ, తీయగ:
"చూడు బాబూ, ఏమీ అనుకోకు,
రాత్రికి ఆ నీళ్లు ఒకసారి మార్చేసెయ్యవూ."
ఆరేండ్లకు ఆ కాంపౌండుల నాకో తెలుగు మాట దొరికింది.
ఇదీ.

మా నాయినమ్మ దోసిలి వట్టి బావి గడ్డన కూసునేది,
ఎవలన్న వచ్చి పైకెల్లి పోసేదాంక.
సగం నీళ్లు మోచేతుల పొంటి కారిపోయేవి.
ఆ మోచేతులు ఇయ్యాల గుర్తుకొచ్చినయి.
క్యాంపుల నవ్విన రాత్రి ఎందుకు రాలేదో
నా దగ్గర జవాబు లేదు.

మార్చాలంటె తొమ్మిది ట్యాంకర్లు.
"అట్లనే మేడం" అన్న.
పంపు రూంల కూసోని మోటరు ఏసిన,
చప్పుడు ఇరవై రెండిండ్లకు ఇనవడాలెనని.
వాల్వు ముట్టలే.
నీళ్లు తిరిగిన కాడ్నే తిరిగినయి తెల్లారేదాంక.
పొద్దుగాల క్లోరిన్ జరంత ఎక్కువ కొట్టిన,
కొత్త నీళ్లకు ఒక వాసన ఉండాలె గదా.

శనివారం అందరు దిగిండ్రు.
నీరజ మేడం మెడదాంక మునిగి
"ఎంత హాయిగా ఉందో" అన్నది.
సోంటో ఈదిన నీళ్లే అవి.
నాకు లోపట్లోపట నవ్వొచ్చింది.
కొంతసేపే.

పద్నాలుగో విల్లా తలుపు తెరుచుకోలే.
కిటికీల సోంటో,
ఈత కళ్లద్దాలు నొసటి మీదికి ఎత్తుకోని.
ఇరవై రెండిండ్లల వాళ్లదీ ఒక ఇల్లే.
రాత్రంత మోటరు వాళ్లకూ ఇనవడ్డది.

మార్చలేదమ్మా న్కీరూ అని పోయి చెప్పాలె.
చెప్తె, మార్చమన్నరని గూడ చెప్పాలె.
జాలికట్టె వట్టుకోని ఒడ్డుకు నిలవడ్డ,
ఏదన్న పని దొరుకుతదేమోనని.
నీళ్ల మీద ఒక్క ఆకు గూడ లేదు.