విదిలింపు

మణికట్టు ఒక్క విసురు విదిలిస్తే
జ్వరం గీత కిందికి దిగాలి.
ఇరవై తొమ్మిదేళ్ల నర్సు కొలువులో
నాకు ఒంటబట్టిన విద్య అదొక్కటే.

కిర్గిజ్ కొండల నడుమ
పాదరసం తవ్వి బతికిన ఊరు మాది.
ఆసుపత్రి నడవాలో ఇవాళ
గాజు థర్మామీటర్లు లెక్కపెడుతున్నాను,
దూది పరిచిన పెట్టెలో
ఒక్కొక్కటీ పసిబిడ్డను పడుకోబెట్టినట్టు.
రెండువందల పదకొండు.
రిజిస్టరులో రెండువందల పద్నాలుగు.

ఆ మూడూ ఎక్కడున్నాయో నాకు తెలుసు.
ఒకటి పిల్లల వార్డులో, నేలచెక్కల సందుల్లో.
తడి కాగితంతో తుడిచేకొద్దీ
ఒక చుక్క పదై, పది నూరై
మంచాల కిందికి పరిగెత్తింది.
ఒకటి పెద్ద డాక్టరు గదిలో, ఉన్ని తివాచీ పోగుల్లో.
మూడోది చెప్పను.

నాన్న కొలిమి దగ్గర పనిచేసేవాడు.
విషానికి విరుగుడని
గనివాళ్లు రోజూ అరలీటరు పాలిచ్చేవాళ్లు.
ఆయన ఒక్క గుక్క తాగి ఎరగడు.
సీసా చంకన పెట్టుకొని ఇంటికి తెచ్చేవాడు,
మేం నలుగురం పంచుకునేవాళ్లం.
ఓ పండగనాడు మాత్రం
ఇంజెక్షన్ బుడ్డిలో వెండి చుక్క తెచ్చాడు.
అరచేతిలో వేస్తే ఎంత బరువో!
అందులో నా ముఖం, ఆవగింజంత.

యాభై దాటాక ఆయన చేయి వణకడం మొదలైంది.
టీ గిన్నె పెదవిదాకా వచ్చేసరికి
సగం చొక్కా తాగేది.
"ఏం విదిలిస్తున్నావు నాన్నా" అని
ఒకసారి నవ్వాను.
ఆ నవ్వు ఇప్పటికీ గొంతు దిగదు.

కొత్తవి వచ్చాయి. ప్లాస్టిక్‌వి,
నిమిషంలో కీచుమంటాయి.
బెర్మెత్ అవ్వ నమ్మదు:
"బరువే లేనిది, సైరాగుల్,
నా జ్వరాన్ని ఏం మోస్తుంది?"
నిజమే, జనవరి చలికి బ్యాటరీలు మొరాయిస్తాయి.
చంకన పెట్టుకొని వెచ్చజేస్తాను.

సాయంత్రం డ్రమ్ము మూతకు సీలు పడింది.
ఎక్కడికని అడిగితే డ్రైవరు భుజాలెగరేశాడు.
భూమిలోంచి తీసింది భూమిలోకే, అన్నారెవరో.
ఏ భూమో చెప్పలేదు.

రాత్రి డ్యూటీ. పదో నంబరు మంచం.
కొత్తది చేతిలోకి తీసుకొని
అలవాటుగా ఒక్క విసురు విదిలించాను.
"ఎందుకలా?" అన్నాడు పిల్లాడు.
దించడానికి అందులో ఏమీ లేదు.
చేయి గాల్లో అలాగే ఆగింది
కాసేపు,
వణుకుతోందా లేదా అని
నేను చూసుకునేదాకా.