ఉప్పు లేని గిన్నె

ముషీరాబాద్‌ల నా చెయ్యి తెల్వని ఫంక్షన్ హాల్ లేదు.
ఐదొందల మందికి బగారన్నం,
ఎనిమిదొందల మందికి దమ్ బిర్యానీ,
గుప్పిటితోని ఉప్పేస్తే
ఒక్క గల్లు అటిటు కాదు.

గసొంటి నేను ఇయ్యాల
పావుకిలో కోడి ముందట
సదువుకోని పోరడు పరీక్షకు పోయినట్టు నిలబడ్డ.

గవ్వకు పదిరోజుల సంది కడుపు నిలుస్తలేదు.
తిన్నది తిన్నట్టే మెట్ల మీద కక్కుతది.
లేకుంటే కిందింటి సుగుణమ్మ ఎండబెట్టిన వడియాల పక్కన...
ఆ ముచ్చట చెప్పకుంటెనే మంచిది.

నారాయణగూడ పశువుల దవాఖానల
ఒక మేకకూ ఒక కుంటి కుక్కకూ నడుమ
కూరగాయల బుట్టల గవ్వను పెట్టుకొని కూసున్న.
డాక్టరమ్మ తస్నీం కడుపు ఒత్తి చూసింది.
"ఏం పెడుతున్నరు?"

చెప్పుడు మొదలుపెట్టిన.
శుక్రవారం వలీమాల మిగిలిన మరగ్,
ఆదివారం ఎంగేజ్‌మెంట్‌ల చికెన్ ఫ్రై,
ఖుబానీ కా మీఠా మీది మలాయి,
పొద్దుగాల పాలు, మాపటికి పాలు.
గర్వంగనే చెప్పిన, అబద్ధమెందుకు.

ఆమె పెన్ను మూసింది.
"అన్నా, పిల్లి పెండ్లికి రాలేదు గద."

ఉల్లిగడ్డ దానికి విషమట.
ఎల్లిపాయ అంతకన్న ఎక్కువట.
ఆ రెండూ లేకుంటె నాకు ఇల్లే లేదు.
ఎదిగిన పిల్లికి పాలు అరగవట.
మరి కండ్లు మూసుకొని తాగుడు సంగతేంది?
మన సామెత ఇన్నొద్దులు
విరేచనాల మీదనే నడిచిందా?

మందుల షాపుల పొట్లాలు చూపిచ్చిండ్రు.
ఒకదాని మీద చేప, ఒకదాని మీద బాతు,
ధర మీద ఏ బొమ్మా లేదు.
ఏది కొనాల్నో తెల్వక మళ్ళ లోపలికి పోయిన.
"ఒక్కటే మాంసం, ఒక్కటే తీరు, కొన్ని రోజులు.
నిలిచినంక ఈ పొట్లం,
పావు వంతు, సగం, అట్ల మెల్లగ.
ఒక్కసారే మార్చొద్దు.
ఒక పూట కూడా ఉపాసం పెట్టొద్దు."

నీళ్ళు. కోడి. అంతే.
కుడిచెయ్యి దానంతట అదే ఉప్పు డబ్బ దిక్కు పోయింది.
ఎడమచేత్తో పట్టుకున్న.
చిటికెడు పసుపన్న? వద్దు.
మూత తీసి వాసన చూసిన. ఏం లేదు.
ఉన్నది.
కోడి వాసన.
ముప్పై ఏండ్ల సంది నేనే మసాల కింద పూడ్చిపెట్టిన వాసన.

గవ్వ వచ్చింది, మూతి పెట్టింది,
నా మొఖం జూసింది,
ముందుకాలితోని నేలను గీకింది,
మట్టి కప్పి పోయేదాన్ని ఎట్ల కప్పుతదో అట్ల.
హైదరాబాద్‌ల ఇంతవరకు ఎవ్వడూ
నా వంటను ఇంత మాట అనలేదు.

సాయంత్రం గోరువెచ్చగ చేసి పెట్టిన. రెండు ముక్కలు.
తెల్లారి ఇంకో నాలుగు.
ఉడికిన గుమ్మడికాయ చెంచాడు కలిపితే
గుమ్మడికాయ వదిలేసి గిన్నె నాకింది.

ఆరో రోజు పొద్దున ఐదింటికి ఇసుక తొట్టి చూసిన.
చూసి, మా లింగానికి ఫోన్ చేసిన.
"ఏమైంది మాస్టర్, ఎవరన్న పోయిండ్రా?"
"లేదురా. వచ్చింది. గట్టిగ వచ్చింది."
వాడు ఇంకా ఏదో అడుగుతున్నడు,
నాకు నవ్వొస్తుంటె పెట్టేసిన.

నిన్న రాంనగర్‌ల పెండ్లి.
ముక్కలకు మసాల పట్టియ్యకముందే
ఒకటి పక్కకు దీసిన.
చిన్న పొయ్యి మీద, ఒట్టి నీళ్ళల్ల,
ఎనిమిదొందల మంది దేగ్ పక్కన
అదొక్కటే ఉడుకుతున్నది,
ఏమీ లేకుండ.