తువాలు కింద ధర

ధర్మాబాద్ మిర్చి యార్డులో
ధరకు నోరు ఉండేది కాదు.
కొనేవాడి చెయ్యి, అమ్మేవాడి చెయ్యి,
నడుమ మా నాయిన లస్మన్న చెయ్యి,
పైన ఒక తువాలు.
నిండు వేలు వంద, సగం వేలు యాభై.
అరచేతిని గోటితో గీకితే
"ఇంక పెంచకు, సరుకులో చెమ్మ ఉంది" అని.
చుట్టూ తుమ్ములు, దగ్గులు, హమాలీల కేకలు.
లోపల మాత్రం ఎవరికీ వినబడని పంచాయితీ.

బాహేతి సేటు దుకాణంలో ఇంకో ధర ఉండేది.
అది రైల్లో వచ్చేది.
సోమవారం బొంబాయిలో అరిచిన అరుపు
బుధవారం పొద్దున మా స్టేషన్లో దిగేది,
పేపరు కట్టల్లో మడతపడి.
సేటు వేలు పెట్టి చదివేవాడు.
నేను బదిలీ ఫారాలు నింపేదాన్ని.
పేరు, తండ్రి పేరు, ఎన్ని వాటాలు,
సంతకం ఇక్కడ, ఇక్కడ, మళ్లీ ఇక్కడ.
మూడు నెలలకు తిరిగొచ్చేవి: సంతకం కలవలేదు.
బిలోలి తోటావార్ మాస్టరుకు పక్షవాతం వచ్చింది.
చెయ్యి వణికింది కాబట్టి
కంపెనీకి ఆయన వేరే మనిషి.

తొంభై ఆరు ఎండాకాలం
సేటు మిద్దె మీదికి తెల్ల గొడుగు ఎక్కింది.
మిరపకాయలు ఆరబోసే జాగా పోయిందని
సేటమ్మ మూడు రోజులు మాట్లాడలేదు.
కింద గదిలో నల్లటి తెర, పచ్చటి అంకెలు.
దేశమంతా ఒకటే అంగడట.
బొంబాయిలో ఎంతో మా ఊళ్లో అంతేనట, అదే క్షణానట.
నాయిన గుమ్మంలో చెప్పులు విడిచి వచ్చాడు.
చాలాసేపు చూశాడు.
"అమ్మేది ఎవరు?"
తెల్వదు.
"కొనేది?"
తెల్వదు నాయినా, పేరు చూపియ్యదు.
"మరి చెయ్యేది?"
మౌసు చూపించాను.
నవ్వలేదు. భుజం మీది తువాలు తీసి
మౌసు మీద, నా చేతి మీద కప్పాడు.
లోపల రెండు వేళ్లు నొక్కాడు, గోటితో గీకాడు.
రెండు వందలకు పెట్టాను, ఒక్క రూపాయి పైన వెయ్యలేదు.
ఎక్కడో, ఎవరితోనో, తెగింది బేరం.

తర్వాత కాగితాలు పోయాయి.
నేను నింపిన చేతిరాత మీద
నేనే "చెల్లదు" అని ముద్ర కొట్టి
గోనెసంచుల్లో కట్టి పంపాను.
నాయిన కొన్న బట్టల మిల్లు కట్ట ఒకటి మిగిలింది,
ఇరవై ఐదు వాటాలు.
మిల్లు లేదు, చిరునామా లేదు.
కాగితం మీద చిమ్నీ ఇంకా పొగ వదులుతూనే ఉంది.
అమ్మ దాన్ని మిర్చి విత్తనాల డబ్బా అడుగున పరిచింది.

గొడుగును సేటు మనవడు పాత ఇనుముకు అమ్మేశాడు,
కిలో లెక్కన, నోటితోనే బేరమాడి.
యార్డులో కూడా ఇప్పుడు తెర ఉంది.
తువాళ్లు చెమట తుడుచుకోవడానికే.

నిన్న మధ్యాహ్నం హమాలీ సాయిలు కొడుకు మారుతి
బస్తా మీద కూచుని ఫోను చూపించాడు.
"అక్కా, ఇది కొనాల్నా?"
ఎండకు అంకె కనబడలేదు.
తలకు చుట్టిన తువాలు విప్పి మీదికి లాగాడు.
ఆ చీకట్లో ఇద్దరం తలలు దూర్చాం.
కారం ఘాటు. అంకె ఎక్కుతోంది, ఎక్కుతోంది.
నాకు తెలియకుండానే
వాడి అరచేతిని గోటితో గీకాను.

"ఏందక్కా," అన్నాడు వాడు,
"చీమనా?"