ఆరు బిట్ల వంకాయ రంగు

కరీంనగర్ నుంచి చీర తిరిగొచ్చింది.
"ఫొటోలో వంకాయ రంగు, పెట్టెలో నేరేడు రంగు."
చీటీ మీద రెండే ముక్కలు, కింద సంతకం కూడా లేదు.

ఆ ఫొటోకి రాత్రి రెండింటిదాకా రంగు సరిచేసింది నేనే,
ఈ తెర మీదే.

లాప్‌టాప్ చంకన పెట్టుకుని ప్యారడైజ్ దగ్గర బస్సు దిగి
సీటీసీ మెట్లెక్కాను.
ఇఫ్తెఖార్ మూత తెరిచి, స్క్రూడ్రైవర్ చెవి వెనక దోపుకుని,
"తెర మార్చినోడు మీకు సస్తాది వేసిండు మేడం" అన్నాడు.
అడ్డం పదమూడు వందల అరవై ఆరు చుక్కలు,
నిలువు ఏడు వందల అరవై ఎనిమిది.
నా ఒక్క కొంగులోనే అంతకన్నా ఎక్కువ పోగులున్నాయి;
అందుకే అంచు మీది హంసలు
ఇటుకలు పేర్చి కట్టినట్టు కనబడేవి.

"చుక్కల సంగతి అటుంచండి. రంగుకు ఆరు బిట్లే.
ఎరుపుకి అరవై నాలుగు మెట్లు, పచ్చకి అన్నే, నీలానికి అన్నే.
గుణిస్తే రెండు లక్షల అరవై రెండు వేల చిల్లర.
మంచి తెరైతే కోటీ అరవై ఏడు లక్షలు."
"మరి లేని రంగు ఎట్లా చూపిస్తుంది?"
"ఆ పక్కదీ ఈ పక్కదీ గబగబా మార్చి మార్చి చూపిస్తది.
మీ కన్ను మోసపోయి నడిమి రంగు చూస్తది."

ఆ మాట నాతోపాటే జనరల్ బజార్ దాకా నడిచింది.

మ్యాచింగ్ సెంటర్లో విఠోబా గారు
చీర మడత గడప అవతలికి తీసుకెళ్లి
ఎండలో పట్టుకున్నారు. ట్యూబులైటును ఆయన ఏనాడూ నమ్మలేదు.
కుడి కన్ను మూశారు. తర్వాత ఎడమది.
"ఎడమదానికి మొన్న శుక్లం తీసిండ్రు బిడ్డా.
దానికి తెలుపు తెల్లగనే ఉంటది, జర నీలం కూడ కొడ్తది.
కుడిదానికి ఇంకా మీగడ కట్టినట్టే.
రెండిట్ల ఏది నిజమో డాక్టరు చెప్పలే."
ఆ కన్నూ ఈ కన్నూ, ఆ కన్నూ ఈ కన్నూ,
గబగబా మార్చి మార్చి
గోడ నిండా ఉన్న తానుల్లోంచి
చెయ్యి చాపి ఒకటి లాగి చీర మీద పరిచారు.
చీర ఎక్కడ ఆగిందో, జాకెట్టు గుడ్డ ఎక్కడ మొదలైందో
వేలితో తడిమితే తప్ప తెలియలేదు.

"దీన్నేమంటారు? వంకాయా, నేరేడా?"
"పొద్దున వంకాయ. దీపాలు పెట్టినంక నేరేడు."
మీటరు నూట పది. పైసా తగ్గించలేదు.

కొత్త తెర ధర ఇంకా అడగలేదు.
కరీంనగర్ ఆవిడకి మాత్రం రాశాను:
చీర మళ్ళీ పంపుతున్నాను, జాకెట్టు గుడ్డ కలిపి.
ఒక్కసారి గుమ్మంలో నిలబడి చూడండి,
పొద్దున.