పై తట్ట

బయట మైనస్ ముప్పై.
పలక మీద పేర్చి గుమ్మం అవతల పెడితే
బోజ్ కుడుములు కాసేపటికే గులకరాళ్లయిపోతాయి.
సంచిలోకి దులిపితే టకటకమని చప్పుడు.
కొత్త సంవత్సరానికి ఆరువందల నలభై చేశాను.
గొర్రె మాంసం, ఉల్లిపాయ, ఉప్పు.
కొరికితే చారు గడ్డం మీదికి కారాలి, అదీ లెక్క.

ఇంకో ముప్పై ఒకటి వేరే చేశాను.
క్యారెట్, క్యాబేజీ, బంగాళాదుంప,
సన్నటి సెగ మీద మగ్గబెట్టి.
వీటి అంచులు గుండ్రంగా నొక్కలేదు,
ఆకులా సాగదీసి జడ అల్లాను,
కరెంటు పోయినా తడిమి గుర్తుపట్టేలా.
అన్‌ఖిల్ కోసం.

నవంబరులో మానేసింది.
మా అన్న మంద దగ్గర, చలికాలపు తిండికి గొర్రెను కోసినరోజు
వెనక కాళ్లు అదే పట్టుకుంది, ఏటా పట్టుకున్నట్టే.
లువ్సన్ రొమ్ము కింద చిన్న కోత పెట్టి
చెయ్యి లోపలికి పోనిచ్చి, గుండె దగ్గరి నరం తుంచాడు.
ఒక్క చుక్క నేలను తాకలేదు. తాకితే తప్పు.
అంత మర్యాదగా చంపుతాం మేము.
పొద్దుగూకేదాకా అది తన అరచేతులు చూసుకుంటూ కూచుంది.
"ఆ కాళ్లు చల్లబడేదాకా నాతో మాట్లాడుతూనే ఉన్నాయమ్మా."
ఏమన్నాయని నేనడగలేదు.

లువ్సన్ వాదన లువ్సన్‌ది.
"ఈ నేల మీద మొలిచేది గడ్డి.
గడ్డి మనకరగదు, గొర్రెకరుగుతుంది.
గొర్రెను తిన్నామంటే గడ్డిని తిన్నట్టే,
కాస్త చుట్టు తిరిగి.
నీ క్యాబేజీ సరిహద్దు దాటి లారీలో వచ్చింది.
అదెంత డీజిలు తాగిందో అడుగు."
బొగ్గు లారీ నడుపుతాడు, డీజిలు సంగతి తెలిసినవాడే.
అది నవ్వింది.
"అయితే నేనూ గడ్డే తింటున్నా నాన్నా,
చుట్టు తిరక్కుండా."
ఆ రాత్రి ఇద్దరి మధ్యా పొయ్యి ఒక్కటే మాట్లాడింది.

నాకు వాదన లేదు.
పుట్టిన మూడోనాడు దాని నోట్లో
గొర్రె తోక కొవ్వు పెట్టాను, మా అమ్మ నాకు పెట్టినట్టు.
నా రొమ్ము కంటే గట్టిగా పట్టింది దాన్ని.
చప్పరిస్తూ చప్పరిస్తూ నిద్రపోయింది.
ఆ నాలుకే ఇప్పుడు వద్దంటుంటే
ఆ ముక్కను తిరిగి నా చేతిలో పెడుతున్నట్టుంటుంది.
పదిహేడేళ్ల నాటిది. ఎక్కడ పెట్టుకోను?

ఆవిరి పాత్రకు మూడు తట్టలు.
మొదటిసారి దానివి అడుగున పెట్టాను, బుద్ధి లేక.
పైనుంచి కొవ్వు కారి ఆకుల మీద పచ్చటి మచ్చలు.
కొరికింది. ఆగింది. నా వంక చూసింది. మింగింది.
ఆ మింగడం చూశాక తట్ట మార్చాను.
ఇప్పుడు దానివి పైన.
కానీ ఆవిరి పైకే కదా పోయేది.
గుండ్రటివాటిని ఒరుసుకుంటూ వచ్చిన ఆవిరితోనే
ఆకులూ ఉడుకుతాయి.
ఈ సంగతి దానితో అనలేదు.
తెలుసనే అనుకుంటాను.

పండగనాడు అత్తగారు తడుముకుంటూ ఒక ఆకు తీసుకుంది.
ఎనభై నాలుగేళ్లు, పళ్లు లేవు, చూపు సగం.
"ఈ ఏటి గొర్రె లేతది" అని ఇంకోటి అందుకుంది.
ఎవరం నోరు విప్పలేదు.

తర్వాత పక్క గుడారం పురెవ్ వచ్చాడు.
ముక్కుపొడి బుడ్డీలు ఇచ్చిపుచ్చుకున్నారు,
మంచు గురించీ బొగ్గు ధర గురించీ మాటలు.
మాటల మధ్యలో అతని చెయ్యి ఆకుల వైపు వెళ్లింది.
లువ్సన్ పళ్లెం తిప్పాడు,
అటు చూడకుండా, మాట తెగకుండా, బెత్తెడు.
పురెవ్ వేళ్లకు గుండ్రటిది దొరికింది.
ఆకులు అప్పటికి నాలుగే మిగిలాయి.

రాత్రి తట్టలు కడిగాను.
నీళ్లు దిగువన కొట్టు నుంచి డబ్బాలో లాక్కురావాలి,
దారంతా జారుడు మంచు,
ఒక్క బక్కెట్టుతో అన్నీ తేలాలి.
ముందు పై తట్ట.
మిగిలిన నీళ్లతో కిందివి రెండూ.
చన్నీళ్లకు కొవ్వు వదలదు.
పొయ్యి మళ్లీ రాజేశాను.