మూడో నెల, పదకొండో రోజు

పరకాల టెంటుహౌస్ సారంగపాణి
కుర్చీలు దించుతూ అడిగాడు,
"మైకెక్కడ పెట్టాలె మేడం?"
వద్దన్నాను.
"మరి స్టేజి?"
అదీ వద్దు.
"శాలువాలన్న తెచ్చుకున్నరా?"
లేదు.
"మీటింగన్నరు గదా..."
వరుసగా వేయబోతే
గుండ్రంగా వేయమన్నాను.
ఇక ఏమీ అడగలేదు.
పైసలిస్తుందా ఇవ్వదా అన్నట్టు
ఒక్క చూపు చూశాడు.

ఏడేండ్లయింది నేనీ పనిలో పడి.
"క్వేకర్లా? ఓట్స్ డబ్బా మీది టోపీ ముసలాయనేనా?"
అన్నారు హనుమకొండలో మా గైడు గారు.
నవ్వాను.
ఫెలోషిప్పు కాగితం మీద సంతకం ఆయనది మరి.

మేకల ఓబేదు మనవరాలింట్లో
వడ్ల గుమ్మి వెనక దొరికిందో రేకుపెట్టె.
అందులో తుప్పు కత్తెర, గుప్పెడు గుండీలు,
చెదలు సగం చదివేసిన నోటుబుక్కు.
రాసినామె పేరు హన్నా.
ఇంటిపేరున్న మూల చెదలు తినేశాయి.
కరువులో వచ్చింది, పదకొండు మగ్గాలు పెట్టించింది,
చలిజ్వరంతో ఇక్కడే పోయింది.
ఇంతే తెలుసు.

ఆమె జనవరి అనదు, ఆదివారం అనదు.
పాత దేవతల పేర్లు రోజులకెందుకని
వాళ్ళ పట్టింపట.
"ఏడో నెల, రెండో రోజు. వాన లేదు.
ఏడో నెల, మూడో రోజు. వాన లేదు. నూలు రాలేదు.
ఓబేదు పాట ఆపేశాడు."
ఏడో నెలంటే జూలైయా, మన ఆశ్వయుజమా
తేల్చుకోవడానికి ఒక చలికాలం పట్టింది నాకు.
వాన రాకపోవడం
రెండింట్లో ఒకటి కాదు కదా.

ఒక పేజీ దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను.
"ఇవాళ గడి ముందు నుంచి నడిచాం.
నా టోపీ తీయమని ఎవరూ అడగలేదు.
తలకు చుట్టిన తువ్వాల తీయమని
ఓబేదును అడిగారు."
తర్వాతి రెండు వాక్యాలూ కొట్టేసి ఉన్నాయి,
ఎంత గట్టిగా అంటే
కాగితం చిరిగి వెనక పేజీలోకి సిరా దిగింది.
దీపం మీద పెట్టి చూశాను, అద్దంలో చూశాను.
కనబడలేదు.

ఊరి బయట రెండు రాళ్ళు, మోకాలెత్తువి.
పేరు, ఏడాది. శ్రీమతి లేదు, కీర్తిశేషులు లేదు.
టేపుతో కొలిచాను
ఆమెదీ ఓబేదుదీ.
అంగుళం తేడా లేదు.

పదిన్నరకు ఇరవై మందిమి కూర్చున్నాం.
ఎవరూ మొదలుపెట్టలేదు.
మొదలుపెట్టేవాళ్ళు ఉండరు ఇందులో.
పాస్టరు గారు రెండుసార్లు గొంతు సవరించుకుని
చేతులకేం పని చెప్పాలో తెలియక
బైబిలును ఒళ్ళో అటూ ఇటూ తిప్పారు.
నిశ్శబ్దమంటే ఏమీ లేకపోవడమనుకున్నాను.
పక్కింటి కుక్కరు మూడో కూత.
భూపాలపల్లి బొగ్గు లారీ.
ఎవరి కడుపో, సిగ్గుపడుతూ.
మా అందరి మోకాళ్ళ మధ్య
ఖాళీ నేల.

నలభయ్యో నిమిషంలో
కుర్చీ చేతులు పట్టుకుని లేచింది
ఓబేదు మనవరాలు రూతమ్మ.
"మా తాత తువ్వాల తీసిండు.
తియ్యలేదని రాసుకుంటరేమో మీరు.
తీసిండు.
ఆ రాత్రి బువ్వ తినలే.
ఆమె గూడ తినలే."
కూర్చుంది.

నా మూడో అధ్యాయంలో
ఓబేదు తువ్వాల తీయలేదు.
గడి వాకిట్లో నిటారుగా నిలబడ్డాడు,
సెమినార్లో చప్పట్లు కూడా కొట్టించాడు.

ఎవరూ ఆమెకు జవాబు చెప్పలేదు.
మిగిలిన ఇరవై నిమిషాలూ
మొదటి నలభైలా లేవు.
చివర పక్కవాళ్ళ చేయి పట్టుకోవాలి, అంతే.
నా పక్కన ఎప్పుడొచ్చి కూర్చున్నాడో
సారంగపాణి చేయి.
సుతిలి తాళ్ళతో గరుకెక్కింది.

బిల్లు రాస్తూ అడిగాడు,
"వచ్చే ఏడు గూడ మైకొద్దా?"
వద్దన్నాను.

రాత్రి హనుమకొండలో
మూడో అధ్యాయం తెరిచి
ఆ వాక్యం కొట్టేశాను.
గట్టిగా కాదు.
నేనేం రాశానో
కింద కనబడేట్టుగా.