ఒక్క ఓటులో నలుగురం

మనిషికి నూరు డాలర్లు. అదీ నియమం.
ఏడాదికి మూడుసార్లు, చర్చి వెనక హాల్లో,
మంచు బూట్లు గుమ్మం దగ్గర విడిచి
ఉన్ని మేజోళ్ళతో వచ్చి కూర్చుంటాం అరవై మందిమి.
చాలామంది పెన్ను విదిలించి చెక్కు రాస్తారు.
మేం నలుగురం కలిస్తే ఒక మనిషి.

తలా పాతిక.
పీతల ఫ్యాక్టరీ ఏప్రిల్ దాకా తెరవరు.
న్యూఫౌండ్‌లాండ్ ఫిబ్రవరిలో
ఏ డబ్బాలో ఎంత మిగిలిందో
మూత తీయకుండానే చెప్పగలం.
డల్సీవి మడతపడని ప్లాస్టిక్ నోట్లు.
ఫిలొమీనా మనవడి హాకీ డబ్బులోంచి తెస్తుంది,
మళ్ళీ పెట్టేస్తానంటుంది, పెట్టదు.
వెర్నా బేకింగ్ పౌడర్ డబ్బా బల్ల మీద బోర్లిస్తుంది:
పన్నెండు రెండు డాలర్ల బిళ్ళలు, ఒక ఒంటి డాలరు.
మిసెస్ నోస్‌వర్తీ వాటిని అరచేత్తో సంచిలోకి ఊడ్చుకుంటుంది.
ఎప్పుడూ లెక్కపెట్టదు. అది ఆమె మర్యాద.

ఉప్పు మాంసం వచ్చిన తెల్ల బకెట్టులోంచి
మూడు చీటీలు తీశారు.
లైబ్రరీ పైకప్పు ఒకటి.
దాని సంగతి చెప్పడానికి లేచినావిడ
ఐదు నిమిషాలూ దగ్గుతూనే ఉంది పాపం.
రెండోది డయాలసిస్ వ్యాను:
వారానికి మూడు రోజులు, పోను నూట అరవై కిలోమీటర్లు,
గేరుబాక్సు పోయింది.
మూడోది ఫుడ్ బ్యాంకుకి ఫ్రీజరు.
ఉన్నదాని మూత నిలవడం లేదు,
కాడ్ చేపలు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, మళ్ళీ కరిగి.

నలుగురికీ ఒకే చీటీ, ఒకే పెన్సిలు.
డల్సీ ఫ్రీజరంది. ఆకలి తర్వాతే ఏదైనా అంది.
ఫిలొమీనా వ్యానంది. వాళ్ళాయన రెండేళ్ళు
ఆ కిటికీ పక్క సీట్లోనే వెళ్ళొచ్చాడు.
రెండేళ్ళే.
నేను ఫ్రీజరన్నాను, వెర్నా వైపు చూడకుండా.
ఎందుకంటే నాకు తెలుసు.
గురువారాలు, ఫుడ్ బ్యాంకు దీపాలార్పే వేళకి
వెనక గుమ్మం దగ్గర ఆగే కారుకి
ఎడమ లైటు వెలగదు.
మా ఊళ్ళో ఒంటికన్ను కారు ఒక్కటే.

వెర్నా పెన్సిలు అందుకుంది.
"వ్యాను," అంది.
ఇద్దరికిద్దరం, తేలలేదుగా, అని డల్సీ నసిగింది.
"పెన్సిలు నా చేతిలో ఉంది."
నవ్వాం. తను నవ్వలేదు.
చీటీ మడిచాక, నాకొక్కదానికే వినపడేలా:
"గరిటె చేతికిచ్చి
నా కంచంలోకే వడ్డించుకోమంటావా?"

నాకు తెలుసన్న సంగతి
ఆమెకి తెలుసన్నమాట.
ఎన్నాళ్ళ నుంచో.

ఇరవై నాలుగు, ఇరవై మూడు.
ఒక్క ఓటుతో గెలిచింది వ్యాను.
తక్కిన పదీ లైబ్రరీకి, దగ్గు చూసి కరిగినవేమో.
ఐదువేల ఏడువందల డాలర్లకి చప్పట్లు కొట్టి
టీలు తాగి బూట్లు వెతుక్కున్నాం.
డల్సీ ఇంటిదాకా నోరు విప్పలేదు.
ఆ చలిలో కోపం దాచుకోవడం తేలిక,
ఎలాగూ స్కార్ఫు అడ్డం.

గేరుబాక్సు మార్చాక మొదటి సోమవారం,
తెల్లవారుజామున నాలుగున్నరకి,
మంచు తోసే బండి వెనకే
వ్యాను మా వీధిలోంచి పోయింది.
కిటికీల్లో టోపీలు లెక్కపెట్టాను. ఐదు.
ఎదురింట్లో ఫిలొమీనా గుమ్మం లైటు వేసి ఉంచింది,
ఎవరొస్తారని కాదు.

గురువారం నేను వెళ్ళాను వెనక గుమ్మానికి,
ఒక సంచి కాడ్ ఇచ్చి వద్దామని. అదొక సాకు.
వెర్నా అప్పటికే ఉంది, ఇంకా వెలుతురుండగానే,
పాత ఫ్రీజరు మూతకి తుంటి ఆన్చి
ఒంటి బరువంతా వేసి నొక్కుతూ.
నా చేతిలో సంచి చూసింది, నన్ను చూసింది.
"అది లోపల పడేసి, ఆ మూల నువ్వెక్కు," అంది.
ఇద్దరం ఎక్కి కూర్చున్నాం, కాళ్ళు వేలాడేసి,
ఏమీ మాట్లాడుకోలేదు.
చాలాసేపటికి, కింద ఎక్కడో,
టక్కుమంది.